గుర్తు పెట్టిన సీతాఫలం

"ఎరుకనా? మేడం, పోస్టర్ మీద ఎరుక అని రాస్తే సోదె చెప్పేటామె వచ్చిందనుకుంటరు. జనమంత చేతులు చాపుకుంట వస్తరు."

"రానీయున్రి సార్. మీ కాలేజీ మీటింగులకు కుర్చీలు తప్ప ఎవ్వరు రారని విన్న. చేతులన్న వస్తయి."

వీరేందర్‌కు నవ్వొచ్చింది. నవ్వితే ఓడిపోయినట్టు అవుతుందని టీ గ్లాసు అడ్డం పెట్టుకున్నాడు.

షంషాబాద్‌లోని ఆ డిగ్రీ కాలేజీలో అతను పొలిటికల్ సైన్స్ చెబుతాడు. ఎదురుగా కూర్చున్న ప్రియదర్శిని యూనివర్సిటీలో ఫిలాసఫీలో పీహెచ్‌డీ చేస్తోంది. తత్వం గురించి ఇంగ్లీషులో, ఏసీ గదుల్లోనే ఎందుకు మాట్లాడాలి, తెలుగులో, ఊళ్లవాళ్ల ముందు ఎందుకు మాట్లాడకూడదని ఆమె పట్టుదల. కలకత్తా నుంచి తెలుగు తెలిసిన ఒక పెద్ద ప్రొఫెసర్‌ను రమ్మని ఒప్పించింది. విమానం దిగితే ఇట్టే చేరుకోవచ్చని ఈ కాలేజీ హాలు అడగడానికి వచ్చింది. ప్రిన్సిపాల్ హాలు ఇచ్చాడు, దాంతోపాటు ఏర్పాట్లు చూడమని వీరేందర్‌ను కూడా ఇచ్చాడు.

"అసలు మీ టాపిక్ ఏందో ఒక్క ముక్కల చెప్పున్రి మేడం."

"రికగ్నిషన్. మనుషులు ఎందుకు కొట్లాడుతరు? ఎదుటోళ్లు మమ్ముల మనుషుల లెక్క చూస్తలేరని. ప్రేమ, హక్కు, మర్యాద, వీటిల ఏది తక్కువైనా లోపల గాయమైతది. లోకంల పంచాయితీలన్నిటికి అదే మూలం."

"తప్పు. పంచాయితీలన్నిటికి మూలం వాటా. ఎవరికి ఎంత దక్కిందన్నదే అసలు సంగతి. భూమి సరిగ్గ పంచున్రి, మర్యాద దానంతటదే ఎన్కనే నడుసుకుంట వస్తది."

"మీ అసొంటోళ్లతోనే మా ప్రొఫెసర్ ఏండ్లసంది కొట్లాడుతున్నడు."

"గెలిచిండా?"

"ఇంక నడుస్తనే ఉన్నది."

"సరే, నడవనీయున్రి. తెలుగుల మాత్రం గుర్తింపు అని రాద్దం. గదే అందరికి తెల్సిన మాట."

"గుర్తింపు అంటే ప్లాస్టిక్ వాసనొస్తది సార్. మెడల ఏసుకునే కార్డు యాదికొస్తది. మన ఇండ్లల్ల ఏమంటరు? 'వాళ్లు మనకు ఎర్కున్నోళ్లే' అంటరు గదా. ఆ మాటల ఎంత..."

అప్పుడే విమానం వచ్చింది.

ఆ కాలేజీలో ఒక అలవాటు ఉంది. విమానం నెత్తి మీదుగా దిగుతుంటే మాట వినబడదు. అందుకని ఎవరు ఏం మాట్లాడుతున్నా అక్కడికక్కడే ఆపేస్తారు. హాజరు పిలిచే సార్ సగం పేరు దగ్గర ఆగుతాడు. తిట్టే ప్రిన్సిపాల్ సగం తిట్టు దగ్గర ఆగుతాడు. విమానం పోయాక ఆపిన చోటునుంచే మళ్లీ మొదలు. ఏమీ జరగనట్టే ఉంటారు అందరూ.

ప్రియదర్శిని కూడా టక్కున ఆగింది. ఉండేది రావిర్యాలలో కాబట్టి ఆమెకూ విమానాలు కొత్త కాదు. గదిలో చప్పుడు తప్ప ఏమీ లేదు. కిటికీ అద్దాలు సన్నగా వణుకుతున్నాయి. ఇద్దరికీ ఒకరినొకరు చూసుకోవడం తప్ప వేరే పని లేదు. ఆమె ఎడమ కనుబొమ్మ చివర చిన్న మచ్చ ఉంది. అది చూస్తూ వీరేందర్ చేతిలోని టీ సంగతి మర్చిపోయాడు.

ఆ మచ్చ ఎలా పడిందో అతనికి తెలుసు. గడ్డివాము మీద నుంచి ఆమె జారిపడ్డప్పుడు పక్కనే ఉన్నాడు.

విమానం పోయింది.

"...ఎంత దగ్గరితనం ఉన్నదో చూడున్రి," అని ఆమె పూర్తిచేసింది. ముఖంలో ఏ మార్పూ లేదు.

ఇక్కడ మనం కాస్త ఆగి, ఒక ఊరి సంగతి చెప్పుకోవాలి. ఆ ఊరు ఇప్పుడు లేదు. ఎయిర్‌పోర్టు కోసం ఖాళీ చేయించిన ఊళ్లలో అదొకటి. వీరేందర్ వాళ్లు, ప్రియదర్శిని వాళ్లు ఆ ఊరివాళ్లే. వాళ్ల బడి ఉన్నచోట ఇప్పుడు రన్‌వే ఉంది. దుబాయ్ నుంచి, సింగపూర్ నుంచి వచ్చే విమానాలన్నీ వాళ్ల ఏడో తరగతి మీదే దిగుతాయి. అప్పుడప్పుడు వానాకాలం సాయంత్రాల్లో వీరేందర్ ఎయిర్‌పోర్టు గోడ పక్కన బండి ఆపుకొని, ఇది బ్లాక్‌బోర్డు, ఇది మా బెంచీ, అది ఆమె కూర్చునే కిటికీ అని గడ్డిలో గుర్తులు వెతుక్కుంటాడు. గడ్డి మాత్రం అంతా ఒక్కలాగే ఉంటుంది.

ఆ బడిలో చదివిన చివరి ఏడాది, సీతాఫలాల రోజుల్లో, ఇద్దరూ కలిసి గుట్ట మీది చెట్ల నుంచి పచ్చికాయలు కోసుకొచ్చి ఊళ్లోని ఈరమ్మ గడ్డివాములో మాగపెట్టారు. రోజూ బడి అయ్యాక చెయ్యి పెట్టి నొక్కి చూసేవాళ్లు. నిన్న పండలేదు, ఇవాళ పండలేదు. చివరికి ఒకరోజు గడ్డి తీస్తే తీపి వాసన గుప్పున వచ్చింది.

వీరేందర్ అప్పుడే న్యాయమూర్తి. ఒకటి నీకు, ఒకటి నాకు అంటూ పంచాడు. అన్నిటికంటే పెద్ద పండు మీద గోటితో గీసిన నెలవంక ఉంది. వంతు ప్రకారం అది అతని వైపు వచ్చింది.

"అది గట్ల గాదు! అది నేను గుర్తు వెట్టిన!" అంది ప్రియ.

"గుర్తు గిర్తు నడవదు. సగం సగం. లెక్క సరిపోయిందా లేదా?"

లెక్క సరిపోయింది. ఆ పిల్ల మాత్రం తన వాటా పండ్లన్నీ నేలకేసి కొట్టింది. పెద్ద పండు మీద ఆశపడిందని అతనికి కోపం వచ్చింది. ఆమె కళ్ల ముందే ఆ పండు తినేశాడు. తర్వాత కటీఫ్.

కటీఫ్ తెలుసుగా. చిటికెన వేలు చూపించి "నీతోని కటీఫ్" అంటే మాటలు బంద్. దానికి ఒక చట్టం కూడా ఉంది. కటీఫ్ చెప్పినవాళ్లే మళ్లీ వచ్చి దోస్తీ అనాలి. రెండోవాళ్లు ముందు మాట్లాడితే పరువు పోయినట్టే. వీళ్ల కటీఫ్ ఇంకా నడుస్తుండగానే ఊళ్లోకి లారీలు వచ్చాయి. సామాన్లు, మేకలు, మంచాలు, మనుషులు తలా ఒక దిక్కుకు వెళ్లిపోయారు. ప్రియ నాన్న ఈశ్వరయ్య కుటుంబం రావిర్యాలకు, వీరేందర్ తల్లి భాగ్యమ్మ కొడుకును తీసుకొని షంషాబాద్‌కు.

వీరేందర్ జ్ఞాపకంలో కటీఫ్ చెప్పింది ఆమె. కాబట్టి దోస్తీ చెప్పాల్సిందీ ఆమే. తన పేరు విన్నది, ముఖం చూసింది, ఎదురుగా కూర్చొని టీ తాగింది. అయినా మేడం మేడంలాగే ఉంది. నిజంగా మర్చిపోయిందా? లేక గుర్తుపట్టీ పట్టనట్టుందా? రెండిట్లో ఏది ఎక్కువ బాధో అతనికే తేల్చుకోవడం చేతకాలేదు.

ఇంత చదివి, పిల్లలకు రాజ్యాంగం చెప్పే మనిషి కటీఫ్ చట్టాన్ని పట్టుకు వేలాడటమేమిటని మీరు అడగొచ్చు. ప్రేమలో పడ్డవాడికి రాజ్యాంగం గుర్తుంటుందా?

ప్రేమే. ఆ విషయం అతను దాచుకోలేదు, ఆమె దగ్గర తప్ప.

*

పోస్టర్లు పడ్డాయి. రెండు రోజులకు వానలో తడుస్తూ, దుపట్టా తల మీద కప్పుకొని ప్రియదర్శిని కాలేజీ ముందున్న టీ కొట్టు దగ్గరికి వచ్చింది. ఆమె కళ్లు చూడగానే వీరేందర్‌కు విషయం అర్థమైంది.

"ఆరాంఘర్ చౌరస్తాల బస్సు ఆగితే కిటికీలకెంచి చూసిన సార్. 'గుర్తింపు: మన హక్కు. బహిరంగ సదస్సు. అందరూ ఆహ్వానితులే.' మాట మార్చిన్రు."

"జర ఇనున్రి మేడం. ప్రెస్సోడు అర్జెంటన్నడు..."

"ప్రెస్సోడు ఎరుక వద్దన్నడా?"

"నేనే వద్దన్న."

"గట్ల చెప్పున్రి. కనీసం ఒక్క ఫోన్ చెయ్యాలె గదా. నా మాటను నన్ను అడగకుంట మార్చిన్రు. ఇగో, మా టాపిక్ ఇదే సార్. మీరు దానికి మంచి ఎగ్జాంపుల్."

వీరేందర్‌కు నిజంగానే సిగ్గేసింది. సారీ అన్నాడు. ఆమె మూతి ముడుచుకునే టీ తీసుకుంది. కొట్టు రేకుల మీద వాన పడుతోంది. అల్లం వాసన, తడి మట్టి వాసన, ఆమె జడలోంచి జారే నీళ్లు. ఆ టీ ఎప్పటికీ అయిపోకుండా ఉంటే బాగుండునని అతనికి అనిపించింది.

"ఒక డౌట్ మేడం," అన్నాడు కాసేపయ్యాక. "గుర్తింపు కావాలె, గుర్తింపు కావాలె అని అడిగి తెచ్చుకుంటే అది గుర్తింపు ఎట్లయితది? ఎదుటోళ్లు వాళ్లంతట వాళ్లే చూడాలె గదా."

"అడగకుంటే ఎదుటోళ్లకు ఎట్ల ఎర్కయితది?"

"కండ్లుంటే ఎర్కయితది."

"కండ్లు అందరికి ఉంటయి సార్. కొందరికి పొగరు సుత ఉంటది."

"ఎవరికి?"

"జనరల్‌గ చెప్తున్న. ఇది థియరీ."

ఆమె గ్లాసులోకి చూస్తూ నవ్వింది. ఆ నవ్వు థియరీలాగా లేదు. ఇప్పుడు అంటుంది, దోస్తీ అంటుంది అనుకున్నాడు వీరేందర్.

"సదస్సు కాంగనే నేను పుణె పోతున్న సార్," అంది ఆమె. "అక్కడ ఫెలోషిప్ వచ్చింది. మంచిగ జరిపించున్రి. మళ్ల షంషాబాద్ వచ్చే పని ఉంటదో ఉండదో."

ఆ మాటతో టీ చల్లారిపోయింది. సదస్సు ఆదివారం. ఆ లోపల ఆమె నోటి నుంచి ఆ ఒక్క మాట రాకపోతే ఇక ఎప్పటికీ రాదు.

ఇంటికెళ్లి తల్లితో చెప్పాడు. భాగ్యమ్మ చిక్కుడుకాయలు తుంచుతూ విన్నది.

"ఈశ్వరయ్య బిడ్డనా? గా పొట్టి జడల పిల్ల? మరి నువ్వెవరో చెప్పినవా?"

"నేనెందుకు చెప్తనే? కటీఫ్ అన్నది ఆమె."

భాగ్యమ్మ తుంచడం ఆపి కొడుకు వైపు చూసింది. "నీ దగ్గర పిల్లలు చదువుకుంటున్నరారా?"

"చదువుకుంటున్నరే."

"పాపం," అని మళ్లీ చిక్కుడుకాయలు అందుకుంది.

*

ఆదివారం పొద్దుటి నుంచీ వానే. అయినా హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక జనం గోడల వెంట నిలబడ్డారు. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు, ఆటో డ్రైవర్లు. వీరేందర్‌కు ఒళ్లు పొంగిపోయింది.

"చూసిన్రా మేడం! గుర్తింపు అన్న మాటకున్న పవర్."

ప్రియదర్శిని జనాన్ని జాగ్రత్తగా చూస్తోంది. "సార్, అందరి చేతులల్ల ఆ కవర్లు ఏంది?"

అతను సమాధానం ఆలోచించేలోపు ఒక ముసలావిడ జనాన్ని నెట్టుకుంటూ ముందుకొచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో రేషన్ కార్డు జిరాక్స్, రెండు పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు.

"బిడ్డా, వేలిముద్ర ఏడెయ్యాలె? నా ఏళ్లు అరిగిపోయినయని పోయినసారి మెషిన్ల పడలే. జర మంచి మెషిన్ తెచ్చిన్రా?"

ఆ ఏడాది ఊరూరా ఆధార్ క్యాంపులు నడుస్తున్నాయి. గుర్తింపు అన్నారు, హక్కు అన్నారు, అందరూ రావాలన్నారు. జనం ఏమనుకుంటారు? పహాడీ షరీఫ్ నుంచి కూడా ఒక ఆటో నిండా వచ్చారు. కాలేజీ ఎదుటి జిరాక్స్ దుకాణంలో పేపరు అయిపోయింది.

ప్రియదర్శిని వీరేందర్ వైపు చూసింది. ఆ చూపే ఎక్కువైంది.

అంతలోనే ఫోన్ వచ్చింది. వాన వల్ల కలకత్తా విమానం దిగలేకపోయింది. ఇందాక నెత్తి మీద గిరికీలు కొట్టిన విమానం అదే. ప్రొఫెసర్ గారు వాళ్ల తలల మీదే తిరిగి తిరిగి బెంగుళూరు వెళ్లిపోయారు.

"ఇగ మీరే మాట్లాడాలె మేడం."

"నేనా? ఇంతమంది ముందట?" ఆమె చేతిలో దుపట్టా కొస తాడులా మెలితిరిగింది. "నాకు భయమైతుంది సార్."

ఆ మాట ఆమె అంత సూటిగా అనేసరికి వీరేందర్‌కు జాలి, ఇష్టం రెండూ ఒక్కసారే కలిగాయి. "పక్కకే నిలబడుత. మొదలువెట్టున్రి," అన్నాడు.

ఆమె మైకు పట్టుకుంది.

"అందరికి నమస్తే. ముందుగాల మాఫ్ చెయ్యాలె. ఇక్కడ కార్డులు ఇయ్యరు."

హాలంతా ఒక్కసారి లేచింది. బయట వాన ఇంకా పెద్దదైంది. లేచినవాళ్లు తలుపు దాకా వెళ్లి, ఆకాశం చూసి, మళ్లీ వచ్చి కూర్చున్నారు. తత్వానికి ఆ రోజు వాన చేసినంత సాయం ఎవరూ చేయలేదు.

యాదగిరి అనే ఆటో డ్రైవర్ వెనక నుంచి అరిచాడు. "కార్డు ఇయ్యనప్పుడు గుర్తింపు అని ఎందుకు రాసిన్రక్కా? గిరాకి ఇడిసిపెట్టి వచ్చినం!"

"నేను రాయలేదన్నా. ఈ సార్ రాసిండు," అంది ప్రియదర్శిని. వేదిక మీద మనిషిని అంత అనాయాసంగా అప్పగించడం వీరేందర్ ఎక్కడా చూడలేదు.

"తప్పు నాదే అన్నా," అన్నాడు అతను మైకు అందుకొని. "కానీ వచ్చిన్రు కాబట్టి ఒక మాట చెప్పున్రి. మనిషికి ముందుగాల కావల్సింది ఏంది? మర్యాదనా, వాటానా?"

"చాయ!" అన్నారెవరో. నవ్వులు పడ్డాయి. భయం తగ్గి ప్రియదర్శిని భుజాలు కిందికి దిగాయి.

ముందుకొచ్చిన ముసలావిడ కూర్చోకుండా అక్కడే నిలబడి ఉంది. ప్రియదర్శిని ఆమెను అడిగింది. "అమ్మా, నీది ఏ ఊరు?"

"ఏ ఊరని చెప్పాలె బిడ్డా? ఊరు ఇమానాల కింద వడ్డది. ఇప్పుడున్న కాడ బస్సు ఆగితే కండక్టరు 'కాలనీ దిగేటోళ్లు దిగున్రి' అంటడు. పేరే లేదు దానికి."

"ఇన్నరా సార్? ఇల్లు ఇచ్చిన్రు, జాగ ఇచ్చిన్రు. పేరు ఇయ్యలే. నేను చెప్పే గాయం ఇదే."

"పేరు వెడితే పొలం మళ్లొస్తదా మేడం? బోర్డు మీద పేరు రాసి పొలం మర్సిపోమంటరు. పెద్దోళ్లకు మస్తు అగ్గువల అయిపోతది. ముందు సరైన వాటా ఇయ్యమనున్రి."

"అవ్!" అన్నారు సగం మంది.

"వాటా ఇచ్చేటప్పుడు ముఖం చూసి ఇయ్యాలె గదా సార్! నీకేం కావాలె, నీ మనసుల ఏమున్నది అని అడగాలె గదా!"

"అవ్!" అన్నారు మిగతా సగం. కొందరు రెండుసార్లూ అన్నారు.

"అడుక్కుంట కూసుంటే పంచేది ఎప్పుడు? సమానంగ పంచితే ఎవరు ఏడ్వరు!"

"ఏడుస్తరు!" ప్రియదర్శిని గొంతు హఠాత్తుగా మారిపోయింది. "మీరెప్పుడు గింతే. ఒకటి నీకు, ఒకటి నాకు, లెక్క సరిపోయిందంటరు. పండు మీద గుర్తు ఎవరు పెట్టిన్రు, ఎందుకు పెట్టిన్రు అని ఒక్కసారన్న అడిగిన్రా?"

వీరేందర్ చేతిలో మైకు కిందికి జారింది.

"ఏ పండు?" అన్నాడు యాదగిరి.

ముసలావిడ కళ్లు చికిలించి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కవరు చంకలో పెట్టుకొని దగ్గరికి నడిచింది.

"ఆగున్రి ఆగున్రి. నువ్వు భాగ్యమ్మ కొడుకు ఈరిగానివి గాదూ? నువ్వు ఈశ్వరయ్య బిడ్డవు. నేను ఈరమ్మను! సీతాఫలాలు మాగవెడ్తమని నా గడ్డివామునంత ఆగం జేసినోళ్లు మీరే గదరా!"

హాలంతా గొల్లుమంది. సరిగ్గా అప్పుడే వాన సందు చూసుకొని ఒక విమానం కిందికి దిగింది. అలవాటు ప్రకారం అందరూ ఆగారు. నోళ్లు తెరుచుకొని ఉన్నాయి, నవ్వులు ముఖాల మీద ఉన్నాయి, చప్పుడు మాత్రం విమానానిదే. ఆ చప్పుడు మధ్యలో వీరేందర్ ఆమెను చూస్తున్నాడు. ఆమె నేలను చూస్తోంది. బుగ్గలు ఎర్రబడ్డాయి.

మర్చిపోలేదు. మొదటి రోజు నుంచీ ఆమెకు తెలుసు.

*

వాన తగ్గాక జనం వెళ్లిపోయారు. ఈరమ్మ వెళ్తూ వెళ్తూ, అసలు క్యాంపు ఎక్కడ పెడతారో కనుక్కొని చెప్పమని తన ఫోటో ఒకటి వీరేందర్ జేబులో పెట్టి పోయింది. ఇద్దరూ కాలేజీ వరండాలో మిగిలారు. చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. దూరంగా ఎయిర్‌పోర్టు దీపాలు మంచులో ఉన్నట్టు మసకగా వెలుగుతున్నాయి.

"యాదికున్నదన్నట్టు," అన్నాడు వీరేందర్.

"ఉన్నది."

"మరి ఎందుకు మాట్లాడలే?"

"నువ్వెందుకు మాట్లాడలే?"

నువ్వు. మేడం లేదు, సార్ లేదు. ఆ నువ్వు అతని చెవిలో కాసేపు అలాగే ఉండిపోయింది.

"కటీఫ్ అన్నది నువ్వు," అన్నాడు. "నువ్వే దోస్తీ అనాలె. చట్టం చట్టమే."

ప్రియదర్శిని నోరు తెరిచింది. "నేనా? కటీఫ్ అన్నది నువ్వు! పండు తిని, మూతి తుడుసుకొని, చిటికెన వేలు చూపించినవు. నాకు మంచిగ యాదికున్నది."

"నేను అనలే. నువ్వన్నవు."

"నువ్వన్నవు!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇన్నేళ్లు. ఆమె అంటుందని ఇతను, ఇతను అంటాడని ఆమె. వీరేందర్‌కు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపు కూడా వచ్చింది. రెండూ రాకుండా చూరు నీళ్ల కింద చెయ్యి పెట్టాడు.

"నేను రావిర్యాల పోయినంక సుత ఎదురుచూసిన," అంది ఆమె మెల్లగా. "సీతాఫలాల గంప కనబడితే చాలు, నువ్వు వస్తవనుకునేది. పిచ్చి. మీ కాలేజీల హాలు అడగనీకి ఎందుకొచ్చిన అనుకున్నవు? గచ్చిబౌలిల హాళ్లు లేవా?"

"పుణె పోతున్న అని గంత ఈజీగ చెప్పినవు."

"గట్లన్న నోరు తెరుస్తవని చెప్పిన. తెరిస్తివా?"

అతను తల అడ్డంగా ఊపాడు. "ఒకటి అడుగుత. ఆ పండు... నీకు గంత ఇష్టముండెనా? ఇంకోటి కోసుకొస్తుంటిని గదా."

ఆమె గోడకు ఆనుకొని, తడి గచ్చు మీద చెప్పు కొసతో ఏదో గీసింది. వంకరగా, చిన్నగా. నెలవంక.

"అది నాకు గాదు వీరేందర్. నీకని గుర్తు వెట్టిన. అన్నిట్ల పెద్దది, నీకు ఇద్దమని. నా చేతితోని ఇద్దమని. నువ్వు లెక్కల పంచుకొని తీస్కున్నవు."

ఆ పండు అతనికే వచ్చింది. అతనే తిన్నాడు. అయినా అందలేదు. పాఠాలు చెప్పి, పుస్తకాలు చదివి, ఇన్నాళ్లూ గొంతు చించుకొని వాదించిన మనిషికి కళ్లు నిండిపోయాయి. దాచుకోలేదు.

"ఓడిపోయిన," అన్నాడు చివరికి.

"ఓడిపోలే. వాటా సుత కావాలె. మా నాయన ఇప్పటికి పొలం పొలం అని కలవరిస్తడు. నీ మాట తప్పని ఎన్నడనలే నేను. సగమే అన్న."

గేటు దగ్గర స్కూటర్ హారన్ మోగింది. ఈశ్వరయ్య వచ్చాడు, బిడ్డను తీసుకుపోవడానికి. తల మీద ప్లాస్టిక్ సంచి టోపీలా కట్టుకున్నాడు. కాళ్ల దగ్గర గోనెసంచి ఉంది. బండి ఆపి వరండా కిందికి వచ్చి, వీరేందర్‌ను ఎగాదిగా చూశాడు.

"ఈనెనా?" అని బిడ్డను అడిగాడు.

"ఈనెనే నాయనా."

"భాగ్యమ్మ కొడుకు! నాయిన పోలికే," అని ఆయన తృప్తిగా తలూపాడు. ఇంట్లో ఈ పేరు ఎన్నిసార్లు వినిపించిందో ఆ తలూపడంలోనే తెలిసిపోయింది. "తోవల అమ్ముతుంటే తీస్కున్న బిడ్డా. పుణెల దొరుకుతయో లేదో."

గోనెసంచి మూతి విప్పితే సీతాఫలాలు. ఇంకా గట్టిగా, పచ్చిగా ఉన్నాయి. ప్రియదర్శిని ఒంగి ఒక్కొక్కటీ పక్కకు జరిపి, అన్నిటికంటే పెద్దది తీసింది. బొటనవేలి గోటితో దాని మీద నెలవంక గీసింది. లేచి, అతని రెండు చేతులూ దగ్గరికి తెచ్చి, వాటిలో పెట్టింది.

"నీకు," అంది.

"ఇది ఇంక మాగలే."

"మాగవెట్టు. మాగినంక రావిర్యాలకు తీస్కరా. నేను పుణె పొయ్యే లోపల్నే రావాలె. ఒక్కనివే రాకు, మీ అమ్మను తోల్కరా."

ఈశ్వరయ్య స్కూటర్ అద్దం తుడుస్తున్నాడు. అందులో తుడవాల్సింది ఏమీ లేదు. "భాగ్యమ్మ చెల్లెకు చెప్పు, ఈశ్వరయ్య అడిగిండని," అన్నాడు అద్దంతోనే. "బువ్వ మా ఇంట్లనే తినిపోవాలె, అందరం కూసొని మాట్లాడుకుందం."

వీరేందర్ పండును గుండెకు ఆనించి పట్టుకున్నాడు. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. నోరు తెరిచాడు.

"ప్రియా, నేను..."

విమానం వచ్చింది.

ముగ్గురూ ఆగారు. పెద్ద విమానం, మబ్బుల్లోంచి చక్రాలు చాపుకొని, వాళ్ల బడి మీదికి మెల్లగా దిగుతోంది. వరండా గోడలు వణికాయి. చూరు నీళ్లు వణికాయి. ఆ చప్పుడంతా అయ్యేదాకా ఆమె అతని ముఖం మీది నుంచి చూపు తిప్పుకోలేదు.

విమానం పోయింది.

"ఇగ చెప్పు," అంది ప్రియదర్శిని. "యాడ ఆపినం?"

"సీతాఫలం కాడ," అన్నాడు వీరేందర్.